స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్‌లు: 7జె, ఈటీ 35 సరిపోతుందా?

నల్లగొండ_స్విఫ్ట్

అందరికీ నమస్తే. నాది 2019 స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ, కంపెనీ టైరు సైజు 185/65 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు). టైర్లు అరిగిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా అని అలాయ్‌లు కూడా 16 అంగుళాలకు మార్చుదామనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఒక షాపులో సెట్టు నచ్చింది. రిమ్ము వెనక 16×7జె (వెడల్పు 7 అంగుళాలు), ఈటీ 35 (ఆఫ్‌సెట్), సీబీ 73.1 (మధ్య రంధ్రం, మి.మీ.లలో) అని ఉంది. బోల్టులు 4×100, అంటే 100 మి.మీ. వ్యాసమున్న వృత్తం మీద నాలుగు. "మీ బండిది కూడా 4×100యే, కళ్లు మూసుకుని ఎక్కించుకోండి" అన్నాడు షాపతను. టైరు 195/55 ఆర్16 వేస్తానన్నాడు.

ఇప్పుడు చక్రాలు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. మడ్‌గార్డ్ అంచుకి సమంగా రావాలని నా కోరిక. కానీ పండగలకీ పబ్బాలకీ అమ్మానాన్నలనూ అక్కనూ పిల్లలనూ ఎక్కించుకుని దేవరకొండ అవతల మా ఊరికి పోతాం. వెనక సీటు నిండా మనుషులు, వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా. అప్పుడు టైరు రుద్దుతుందేమోనని టెన్షన్. ఆఫ్‌సెట్ లెక్క తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్

4×100 కలిస్తే బోల్టులు దూరతాయి, అంతే. చక్రం ఎక్కడ నిలబడుతుందో దాన్ని బట్టి తెలియదు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇప్పుడున్న రిమ్ము విప్పి వెనక వైపు చూడండి. వెడల్పు, ఈటీ రెండూ పోత మీదే ఉంటాయి. ఆ రెండు అంకెలు లేకుండా ఎవరు సలహా ఇచ్చినా గాలిలో మాటే.

సాగర్_రైడర్

ఇంత ఆలోచన ఎందుకన్నా? మా హాలియాలో ఒక ఫ్రెండ్ బండికి ఈటీ 30 వేసుకుని తిరుగుతున్నాడు. కొద్దిగా తాకితే మడ్‌గార్డ్ లోపలి అంచు మడతపెట్టించాడు, అయిపోయింది. రోడ్డు మీద బండి నిలబడిన తీరే మారిపోయింది. నచ్చిన రిమ్ము మళ్లీ దొరకదు, తీసుకోండి.

పాలమూరు_పానా

మహబూబ్‌నగర్‌లో అలైన్‌మెంట్ పని చేస్తాను. రోజూ చూసే విషయం కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

రిమ్మును నిలువుగా సగానికి కోశామనుకోండి. ఆ మధ్య గీత నుంచి, హబ్బుకి (బండి మీద చక్రాన్ని బిగించే భాగం) ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. మిల్లీమీటర్లలో చెబుతారు. ఆ ముఖం మధ్య గీతకంటే బయటి వైపు ఉంటే పాజిటివ్. ముందు చక్రాలకు ఇంజిన్ లాగుడు ఉండే మన చిన్న కార్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి, షాకబ్జర్ వైపు పోతుంది.

చాలామంది ఇక్కడిదాకా తెలుసుకుని "45 నుంచి 35కి పోతే 10 మిల్లీమీటర్లే కదా" అంటారు. వెడల్పు కూడా మారుతోందని మరిచిపోతారు. లెక్క వేసి చూపిస్తా. ఉదాహరణకి పాత రిమ్ము 5.5జె, ఈటీ 45 అనుకుందాం. మీ రిమ్ము మీద ఏముంటే అది వేసుకోండి.

5.5 అంగుళాలంటే 139.7 మి.మీ., అందులో సగం సుమారు 70. హబ్బు ముఖం నుంచి బయటికి 70 లోంచి 45 తీసేస్తే 25. లోపలికి 70, 45 కలిపితే 115.

కొత్తది 7జె, ఈటీ 35. 177.8లో సగం సుమారు 89. బయటికి 89 లోంచి 35 పోతే 54. లోపలికి 89, 35 కలిపితే 124.

అంటే రిమ్ము అంచు బయటికి 29 మి.మీ. జరిగింది, లోపలికీ 9 మి.మీ. జరిగింది. మీరు 10 అనుకున్నది దాదాపు 30 అయింది.

ఇప్పుడు టైరు సంగతి. రుద్దేది ఎక్కువగా టైరు పొట్టే కాబట్టి దాని లెక్క వేరుగా వేయాలి. 185/65 టైరు 5.5జె మీద ఎక్కిస్తే అసలు వెడల్పు దాదాపు 189. 195/55 టైరు 6జె మీద 201 ఉంటుంది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. విచ్చుకుంటుంది, అంటే 7జె మీద 211 దాకా పోతుంది. పైన వేసినట్టే లెక్క వేస్తే టైరు పొట్ట బయటికి 21 మి.మీ. వస్తుంది, లోపలికి 1 మాత్రమే. కాబట్టి మీకు భయం షాకబ్జర్ దగ్గర కాదు, మడ్‌గార్డ్ దగ్గర.

195 టైరుకి 7జె అన్నది అనుమతించిన వెడల్పులో చివరి గట్టు, అది కూడా గుర్తుంచుకోండి. పక్కగోడ సాగి రిమ్ము అంచు బయటపడుతుంది. గుంతలో పడితే మొదటి దెబ్బ రిమ్ముకే.

నల్లగొండ_స్విఫ్ట్

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. విప్పి చూశాను. నా రిమ్ము మీది అంకెలు మీరు ఉదాహరణకి వేసుకున్నవాటికి దగ్గరగానే ఉన్నాయి. ఇప్పుడు మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య ఎంత జాగా ఉందో కచ్చితంగా ఎలా కొలవాలి?

పాలమూరు_పానా

బండిని చదును నేల మీద, స్టీరింగ్ నేరుగా పెట్టి ఆపండి. ఒక దారానికి చివర చక్రం నట్టు కట్టి, మడ్‌గార్డ్ అంచు పై భాగం నుంచి వేలాడదీయండి. దారం కదలకుండా ఆగాక, దారానికీ టైరు పొట్టకీ మధ్య స్కేలు పెట్టి చూడండి. నాలుగు చక్రాల దగ్గరా విడివిడిగా కొలవాలి. ముందుకీ వెనకకీ తేడా ఉంటుంది, ఒక్కోసారి ఎడమకీ కుడికీ కూడా. బండికి ఎప్పుడైనా దెబ్బ తగిలి మడ్‌గార్డ్ సరిచేయించి ఉంటే ఆ తేడా బాగా కనిపిస్తుంది.

లోపలి జాగాకి, ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, షాకబ్జర్‌కీ టైరుకీ మధ్య అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి దూర్చండి. బిగుతుగా పట్టినప్పుడు బయటికి తీసి మందం కొలవండి. తర్వాత రెండో పక్కకి తిప్పి మళ్లీ. బ్రేకు గొట్టం ఎంత దూరంలో ఉందో కూడా చూడండి, దాన్ని టైరు తాకితే అది చిన్న విషయం కాదు.

డిండి_దారి

లోడ్ సంగతి అడిగారు కాబట్టి ఒకటి చెప్తా. మా బావమరిది కారుకి ఇలాగే తక్కువ ఈటీ అలాయ్‌లు వేయించాడు. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏ చప్పుడూ లేదు. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటాక ఘాట్ మలుపుల్లో, ఐదుగురు కూర్చున్న బండి ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా వెనక నుంచి "సర్ర్" మని. దిగి చూస్తే వెనక ఎడమ టైరు భుజం మీద చుట్టూ గీసినట్టు నున్నగా మెరిసే గీత. మడ్‌గార్డ్ లోపలి రేకు అంచు కోసుకుంటూ పోయింది. వేలితో తడిమితే రబ్బరు పొరలా లేస్తోంది. అక్కడి నుంచి నెమ్మదిగా దిగాం, కానీ పిల్లలు బండిలో ఉండగా ఆ టైరు చూసినప్పుడు కాళ్లు వణికాయి.

ఖాళీ బండి మీద కొలత సరిపోయిందంటే లోడ్ మీద సరిపోతుందని కాదు. స్విఫ్ట్‌కి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ కడ్డీ) కదా, చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ బండ్లలోలా లోడ్‌కి బండి కిందికి దిగేటప్పుడు చక్రం పై భాగం లోపలికి వాలదు. నిలువుగా పైకే పోయి రేకుని తాకుతుంది.

సాగర్_రైడర్

అందుకే కదా అంచు మడతపెట్టించమన్నది. రోలర్ మెషీన్ ఉంటే అరగంట పని.

పాలమూరు_పానా

తమ్ముడూ, మడత పెట్టించవచ్చు, కాదనను. రేకు మడతలో పెయింట్ పగిలితే రెండు వానాకాలాల్లో తుప్పు పైకి వస్తుంది, అది ఒక ఖర్చు. అయితే నా అభ్యంతరం రేకు గురించి కాదు, స్టీరింగ్ గురించి.

షాకబ్జర్ పైభాగం నుంచి కింద బాల్ జాయింట్ గుండా ఒక గీత గీస్తే అది నేలను ఒకచోట తాకుతుంది. టైరు నేలను ఆనే మధ్య బిందువుకీ దానికీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. బ్రేకు వేసినప్పుడు ఒక పక్క పట్టు తగ్గినా బండి నేరుగా ఆగేలా కంపెనీ ఇంజినీర్లు దీన్ని చాలా చిన్నగా, చాలా కార్లలో నెగెటివ్‌గా (ఆ గీత టైరు మధ్యకంటే బయటి వైపు తాకేలా) ఉంచుతారు. ఈటీ 10 తగ్గించారంటే టైరు మధ్య బిందువుని 10 మి.మీ. బయటికి లాగినట్టే. ఇక్కడ రిమ్ము వెడల్పుతో పని లేదు, ఈటీ తేడా ఒక్కటే లెక్క.

కోతల కాలంలో మిర్యాలగూడ, హాలియా వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద ఉండగా ఎదురుగా ట్రాక్టర్ వచ్చి బ్రేకు తొక్కాల్సి వస్తుంది. కంపెనీ సెట్టింగ్‌లో స్టీరింగ్ కొద్దిగా కదిలి ఊరుకుంటుంది. ఆ బిందువు బయటికి పోయిన బండిలో పట్టున్న పక్కకి చేతిలోంచి గుంజుకుంటుంది. ఏబీఎస్ ఉంది కదా అంటారు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, స్టీరింగ్ గుంజుడుని పూర్తిగా ఆపదు.

బేరింగ్ మీద కూడా భారం పెరుగుతుంది. బరువు అంతే ఉన్నా ఎంత దూరంలో మోపారన్నది ముఖ్యం. బయటికి పెట్టిన చక్రాలున్న బండి మలుపులో ఒక పక్కకి "ఊఁ" అని మూలిగి, రెండో పక్కకి తిప్పితే ఆగిపోతే అది బేరింగే. అలా మా దగ్గరికి వచ్చేవి తక్కువేమీ కాదు.

జడ్చర్ల_జంక్షన్

పానా అన్న లెక్క పట్టుకుని ఇంకో దారి చూపిస్తా. అదే 16 అంగుళాల్లో 6జె తీసుకోండి. 195/55 టైరుకి అసలు సరైన వెడల్పు అదే. ఈటీ 45 అయితే టైరు పొట్ట బయటికి 6, లోపలికి 6. ఈటీ 40 అయితే బయటికి 11, లోపలికి 1. మీ దారం కొలతలో 20 మి.మీ. జాగా ఉంటే ఈటీ 40 వేశాక ఇంకా 9 మిగులుతుంది. చూడటానికి నిండుగా ఉంటుంది, రేకు మడతపెట్టే పని లేదు.

టైరు ఎత్తు కూడా సరిపోయింది. 185/65 ఆర్15 మొత్తం వ్యాసం 621.5, 195/55 ఆర్16ది 620.9. స్పీడోమీటర్‌లో తేడా తెలియదు. కొందరు ఎత్తు కోసం 205/60 ఆర్16 వేస్తారు, అది 652. మీటర్‌లో 100 చూపిస్తుంటే బండి 105 మీద పోతుంటుంది, పైగా ముందు ప్లాస్టిక్ లైనర్‌కి తాకుతుంది.

పాలమూరు_పానా

లెక్క సరిగ్గా ఉంది. అయినా లోపల జాగా ఉంటే నా ఓటు 45కే. స్టీరింగ్ తీరు కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది.

జడ్చర్ల_జంక్షన్

లోపల ఆరు మిల్లీమీటర్లు తిన్నాక ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న. టైరు వేగంలో కొంచెం ఉబ్బుతుంది, రబ్బరు బుష్‌లు పాతబడితే కింది ఆర్మ్ ఆడుతుంది, బురద పేరుకుంటుంది. కనీసం ఒక చిటికెనవేలు మందం ఖాళీ లేకపోతే నేను ఒప్పుకోను. 5 మి.మీ. స్క్రబ్ తేడా చేతికి తెలియడం కష్టం, షాకబ్జర్‌కి కోసుకున్న టైరు మాత్రం లోపలి వైపు ఉంటుంది కాబట్టి పగిలేదాకా కనిపించదు.

సాగర్_రైడర్

సరే, కంపెనీ రిమ్ములకే 15 మి.మీ. స్పేసర్ (రిమ్ముకీ హబ్బుకీ మధ్య పెట్టే పళ్లెం) వేసుకుంటే? తక్కువ ఖర్చులో నిండుగా కనిపిస్తుంది కదా.

జడ్చర్ల_జంక్షన్

ఈటీ 45 రిమ్ముకి 15 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ 30 వేసినట్టే. పైన పానా అన్న చెప్పినవన్నీ అప్పుడూ వర్తిస్తాయి. మధ్యలో పళ్లెంలా దూర్చే సన్న స్పేసర్లతో ఇంకో ప్రమాదం, నట్టుకి పట్టే మర తగ్గిపోతుంది. 12 మి.మీ. స్టడ్ (హబ్బు నుంచి వచ్చే, నట్టు ఎక్కే బోల్టు) అయితే నట్టు లోపల కనీసం 12 మి.మీ. మర పట్టాలి. స్పేసర్ కచ్చితంగా వేయాల్సి వస్తే హబ్బు మీద బిగుతుగా కూర్చునే గాడి ఉన్నది, తన స్టడ్‌లు తనకున్నది మాత్రమే. నడిరోడ్డు మీద నట్లు వదులైతే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియాల్సిన పని లేదు.

గద్వాల_జరీ

మధ్యలో నా ప్రశ్న. మాది క్రెటా. తెలిసినవాళ్లు ఇన్నోవా క్రిస్టా నుంచి తీసిన అలాయ్‌లు ఇస్తామంటున్నారు. రెండూ 5×114.3 అని విన్నాను. ఐదు రంధ్రాలు కాబట్టి ఎదురెదురుగా కొలవడం కుదరడం లేదు. ఇంట్లోనే సరిచూసుకునే దారి ఉందా?

జడ్చర్ల_జంక్షన్

ఉందక్కా. పక్కపక్కనున్న రెండు రంధ్రాల మధ్య దూరం, ఒకదాని కేంద్రం నుంచి ఇంకోదాని కేంద్రానికి కొలవండి. దాన్ని 1.701తో గుణించండి. 114.3 అయితే మీకు దాదాపు 67.2 మి.మీ. రావాలి. 58.8 వస్తే అది 5×100.

అయితే మీ విషయంలో పీసీడీ (ఆ రంధ్రాల వృత్తం వ్యాసం) కలిసినా చక్రం ఎక్కదు. క్రెటా హబ్బు మధ్య బొడిపె 67.1 మి.మీ., క్రిస్టా రిమ్ము మధ్య రంధ్రం 60.1. పెద్దది చిన్నదాంట్లో దూరదు. ఎవరైనా లేత్ మీద రంధ్రం పెద్దది చేసిస్తామంటే వద్దనండి. కొద్దిగా పక్కకి పోయినా చక్రం జీవితాంతం ఊగుతుంది.

గద్వాల_జరీ

మంచి టైమ్‌కి చెప్పారు, రేపే తీసుకుందామనుకున్నాం. మరి స్విఫ్ట్ తమ్ముడి రిమ్ముకి 73.1 అని ఉంది కదా, అది పెద్దది. ఫర్వాలేదా?

పాలమూరు_పానా

పెద్దది ఫర్వాలేదు, రింగు వేయాలి. స్విఫ్ట్ హబ్బు 54.1. చాలా రకాల కార్లకి పనికొచ్చేలా అలాయ్ కంపెనీలు 73.1 పెట్టి వదిలేస్తాయి. 73.1 నుంచి 54.1కి తగ్గించే హబ్ రింగులు విడిగా దొరుకుతాయి. అవి లేకుండా బిగిస్తే నట్లు ఒక్కటే చక్రాన్ని మధ్యలో నిలబెట్టాలి. బిగించేటప్పుడు కాస్త పక్కకి కూర్చుందంటే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రం సున్నా చూపిస్తూనే ఉంటుంది, బండి మీద వణుకుతూనే ఉంటుంది. కస్టమర్ ఏమో బ్యాలెన్సింగ్ సరిగా చేయలేదని మా మీద కోపం చేస్తాడు. రింగు వేసి, బండిని జాకీ మీద ఉంచే నట్లు ఎదురెదురుగా బిగిస్తే ఆ వణుకు పోతుంది.

సూర్యాపేట_పాలసీ

ఇన్సూరెన్స్ పనిలో ఉన్నాను, చిన్న మాట. బయటి అలాయ్‌లు వేశాక కంపెనీకి తెలియజేసి పాలసీలో యాక్సెసరీగా చేర్పించుకోండి. లేకపోతే వాటి నష్టం దగ్గర పేచీ వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. టైరు బాడీ దాటి బయటికి పొడుచుకువస్తే తనిఖీలో ఆపి అడుగుతారు.

టైరు లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 185/65 ఆర్15 మీద 88 ఉంటే ఒక్కో టైరుకి 560 కిలోలు. 195/55 ఆర్16 మీద 87 ఉంటే 545. స్విఫ్ట్‌కి సరిపోతుంది కానీ తెలుసుకుని కొనండి. రిమ్ము మీద కూడా గరిష్ఠ లోడ్ పోతలో ఉంటుంది, అది అసలు లేని రిమ్ము కొనకండి.

నల్లగొండ_స్విఫ్ట్

అప్‌డేట్. దారం కట్టి కొలిచాను. ముందు 20 మి.మీ., వెనక 23. లోపల షాకబ్జర్ దగ్గర అట్టముక్కలతో 12 వచ్చింది. అంటే 7జె, ఈటీ 35 వేస్తే ముందు టైరు మడ్‌గార్డ్ కంటే ఒక మి.మీ. బయటికే. ఆ సెట్టు వద్దన్నాను.

6జెలో ఈటీ 45 వేస్తే లోపల 6 మిగులుతుంది, ఈటీ 40 వేస్తే 11. పానా అన్న మాట మీద గౌరవం ఉంది, కానీ మా ఊరి మట్టి రోడ్డు తలుచుకుని 40 వైపే మొగ్గాను. వేరే షాపులో 16×6జె, ఈటీ 40 దొరికింది, రిమ్ము మీద లోడ్ అంకె ఉంది, 54.1 రింగులతో ఇస్తామన్నారు. డబ్బు కట్టే ముందు ఒక్క చక్రానికి టైరు ఎక్కించి ముందొకసారి, వెనకొకసారి బిగించి చూపించమని అడిగాను. మొదట నసిగారు, తర్వాత ఒప్పుకున్నారు. ముందు రెండు పక్కలకీ లాక్ దాకా తిప్పాం, ఎక్కడా తాకలేదు. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, ఇంకో ఇద్దరు డిక్కీ అంచు మీద బలంగా నొక్కారు. టైరుకీ రేకుకీ మధ్య వేలు ఆడింది.

పాలమూరు_పానా

12 మాత్రమే ఉంటే 40 సరైన ఎంపికే, నేనూ అదే చెప్పేవాణ్ని. ట్రయల్ బిగింపు అడిగారు చూడండి, ఆ పని అందరూ చేయాలి. రుద్దుతుందా లేదా అన్నది షాపులోనే తేలాలి. టైరు ఒకసారి రోడ్డెక్కాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానా) నట్లు మళ్లీ సరిచూడాలి. బిగువు ఎంతో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. గాలి మిషన్‌తో బర్రున బిగించి వదిలేస్తే ఒప్పుకోవద్దు. పక్కగోడ ఇదివరకు 120 మి.మీ. ఉండేది, ఇప్పుడు 107. దేవరకొండ అవతల గుంతల దగ్గర గాలి తగ్గనివ్వకండి.

డిండి_దారి

స్టెప్నీ సంగతి ఎవరూ ఎత్తలేదు. స్టెప్నీ పాత ఇనుప డిస్కే కదా, కొత్త నట్లు దానికి పడతాయా?

జడ్చర్ల_జంక్షన్

కొత్త అలాయ్‌లతో వేరే నట్లు ఇస్తే వాటి మూతి ఆకారం చూసుకోవాలి. కోను మూతి రిమ్ముకి కోను నట్టే, గుండ్రటి మూతికి గుండ్రటిదే. ఒకదానికి బదులు ఇంకోటి వేస్తే బిగిసినట్టే అనిపించి వదులవుతుంది. పాత నట్లు ఒక సంచిలో కట్టి జాకీ పక్కనే పడేయండి, స్టెప్నీ వేసినప్పుడు అవే వాడాలి. ఇంకోటి, సుజుకీ స్టడ్ మర 12×1.25. హ్యుందాయ్, టొయోటా, హోండాలది 12×1.5. పంచర్ షాపులో చేతికి దొరికిన నట్టు తీసుకుని పానాతో బలవంతంగా తిప్పారంటే స్టడ్ పోతుంది. ముందు చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగాలి, తిరగకపోతే అక్కడే ఆపమనండి.

నల్లగొండ_స్విఫ్ట్

పాత నట్లు షాపులోనే వదిలి వచ్చినట్టున్నాను, ఫోన్ చేసి పక్కన పెట్టమన్నాను. రేపు అలైన్‌మెంట్‌కి పోయినప్పుడు తెచ్చుకుంటాను.